నలభై తొమ్మిది రూపాయల రాహుకాలం

పత్రికలో మార్కెట్ ధరల కాలమ్‌ను ఎవరూ చదవరని ఉద్యోగంలో చేరిన కొత్తలో గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంతోనే ఒక వానరోజు ఉస్మాన్‌గంజ్ మార్కెట్ దాకా వెళ్లకుండా ఆఫీసులో కూర్చుని, నిన్నటి టోకు ధరల్నే ఇవాళ్టి ధరలుగా రాసి డెస్కుకు ఇచ్చేశాను.

మర్నాడు వాన వెలిసింది. బుద్ధిగా గంజ్‌కు వెళ్లి, చింతపండు టోకు వ్యాపారి కిషన్ సేట్‌ను, "సేట్, ఇవాళ రేటెంత?" అని అడిగాను. ఆయన గద్దె మీంచి కదలకుండా పక్కనున్న మా పత్రికను విప్పి, నా కాలమ్ మీద వేలు పెట్టాడు.

"గిదే సాబ్."

అదే రాసుకొచ్చాను. ఆ మర్నాడూ అంతే. మూడు రోజుల పాటు చింతపండు ధర కదలకుండా నిలబడిపోయింది. నాలుగో రోజు మా న్యూస్ ఎడిటర్ నర్సింగరావు గారు నన్ను పిలిచారు. ఆయన అరిచే మనిషి కాదు. కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెడితే అదే అరుపు.

"గంజ్ నిన్ను చూస్తున్నది. నువ్వు గంజ్‌ను చూస్తున్నవ్. మరి చింతపండును ఎవరు చూస్తున్నరయ్యా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే నా ఉద్యోగం అయింది. తెనాలి నుంచి వచ్చి మొఘల్‌పురాలో అద్దెకు దిగిన నాకు, ముప్పై ఆరేళ్లలో పాతబస్తీ 'పేపర్ సాబ్' అని పేరు పెట్టింది. ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి గుర్తులేవు. బిజినెస్ పేజీలో కొత్తగా చేరేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకే ప్రశ్న: "కమీషన్ తగ్గితే ధర తగ్గుతుందా సార్?" ఈ మధ్య ఆ ప్రశ్న ఫోన్లలోని యాప్ స్టోర్ కమీషన్ గురించి అడుగుతున్నారు. నాకు తెలిసినంత చెబుతాను. అందులో ఎక్కువ భాగం నా తప్పుల వల్ల తెలిసిందే.

చెంబు వచ్చింది, నీళ్లు రాలేదు

రైతు తెచ్చిన సరుకును అమ్మిపెట్టినందుకు మధ్యవర్తి తీసుకునే కమీషన్‌ను గంజ్‌లో ఆడత్ అంటారు. ఒక ఏడాది రైతులు పెద్ద లొల్లి చేస్తే ఆడత్ తగ్గించారు. నేను లెక్క వేసుకుని, కమీషన్ తగ్గింది కాబట్టి చింతపండు చౌక అవుతుందని ఆత్మవిశ్వాసంతో రాశాను. నెల గడిచినా చౌక కాలేదు. మా సందులో కిరాణా కొట్టాయన పొట్లం కడుతూ, "పేపర్ రేటుకియ్యాల్నా సాబ్, నా రేటుకియ్యాల్నా?" అని రోజూ అడిగేవాడు. మూడోసారి నుంచి నేను వేరే సందులో కొనుక్కున్నాను.

చివరికి కిషన్ సేట్ దగ్గరికే వెళ్లాను. మోసం జరుగుతోందన్న ధోరణిలో అడిగాను. ఆయనకు కోపం రాలేదు. చాయ్ తెప్పించాడు.

"సాబ్, ఎండాకాలం పది మంది వరసల నిలబడ్డరు. అందరికీ దూప అయితున్నది. మొదటోని చేతికి చెంబుడు నీళ్లిచ్చి, 'చివరోనికి అందియ్యుర్రి' అన్నరు. చివరోనికి ఏమొస్తది?"

"అంత దాహంలో ఏమొస్తుంది?"

"చెంబు వస్తది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మీరేమో చెంబు చూసి నీళ్లొచ్చినయని రాస్తరు. మధ్యల ఎవనికి దూప ఉన్నదో అడుగుర్రి ముందుగాల. దొంగలంటలేను. దూప అంటున్న."

అర్థశాస్త్రం పుస్తకాల్లో దీనికి పెద్ద పేరు ఉంటుంది. ఆ పేరు తెలిసినవాళ్లు కూడా ఆ పది మంది దగ్గరికి వెళ్లి అడగడం నేను చూడలేదు. నేను కూడా మధ్యలో ఉన్నవాళ్లను అడగాలన్న సంగతి విన్నాను, రాసుకున్నాను, మరిచిపోయాను. తర్వాత చెప్పబోయే తప్పంతా ఆ మరుపు వల్లే జరిగింది.

లామినేషన్

ఉద్యోగం చివరి రెండు మూడేళ్లలో యాప్ స్టోర్ కమీషన్ మీద దేశదేశాల్లో గొడవ మొదలైంది. ఫోన్‌లో మనం యాప్‌లు దించుకునే దుకాణం ఫోన్ కంపెనీ చేతిలో ఉంటుంది. ఆ యాప్‌లో మనం ఏదైనా చందా కడితే, అందులో నూటికి ముప్పై దాకా ఆ దుకాణం తీసుకుంటుంది, మిగిలింది యాప్ తయారు చేసినవాళ్లకు ఇస్తుంది. ఆధునిక ఆడత్ అన్నమాట. మా డెస్క్ వాళ్లు, "సార్, దీనికి పాతబస్తీ కోణం కావాలి" అన్నారు. పాతబస్తీ కోణం అంటే వాళ్ల దృష్టిలో గాజులు.

లాడ్ బజార్‌లో యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్లాను. లక్క గాజుల దుకాణం ఆయనది. దుకాణంలో ఎంత అమ్ముతాడో, ఫోన్‌లో ఫొటోలు పెట్టి ఒక యాప్ ద్వారా అంతే అమ్ముతాడు.

"భాయ్, ఈ యాప్ కమీషన్ ముప్పై శాతం మీకు భారమేనా?"

యూసుఫ్ భాయ్ నా వైపు జాలిగా చూశాడు. భారమా అని అడిగితే కాదని చెప్పిన వ్యాపారి ఇంతవరకూ పుట్టలేదని నాకు తెలిసి ఉండాలి.

"మస్తు భారం సాబ్. ఏం చెప్పాలె."

'యాప్ కమీషన్ దెబ్బ: గాజుల ధరలకు రెక్కలు?' అని వార్త వచ్చింది. చివర ప్రశ్నార్థకం నేనే పెట్టాను. విలేకరి తనకు తెలియదన్న సంగతిని పాఠకుడి మీదకు నెట్టేయడానికి ఉన్న గుర్తు అది.

తెలియనిది ఇదీ: ఆ కమీషన్ ఫోన్ లోపలే వాడుకునేవాటికి, అంటే ఆటలు, పాటలు, చందాలు లాంటివాటికి మాత్రమే. డబ్బాలో పెట్టి ఇంటికి పంపే గాజులకు అది వర్తించదు. ఒక పాఠకుడు ఉత్తరం రాసి చెప్పేదాకా మా ఆఫీసులో ఎవరికీ ఆ సంగతి తెలియదు. అయిదో పేజీ అడుగున నాలుగు లైన్ల సవరణ వేశాం.

ఆ వారమే లాడ్ బజార్ వెళ్లాను. గాజుల ధర పెరిగింది. లేని కమీషన్ వల్ల పెరిగింది. యూసుఫ్ భాయ్ దుకాణంలో గల్లా పెట్టె వెనక నా వార్త లామినేట్ చేయించి వేలాడదీసి ఉంది. ఒక ఆవిడ బేరం చేస్తుంటే ఆయన వేలితో దాన్ని చూపిస్తున్నాడు.

"యూసుఫ్ భాయ్! అది తప్పని మళ్లీ వేశాం కదా!"

"చూసిన సాబ్. చిన్నగున్నది. లామినేషన్ల పట్టలే."

"మరి ధరైనా తగ్గించండి."

"పేపర్ల చదివి అందరూ పెరిగిందనే అనుకుంటున్నరు. నేనొక్కణ్ని తగ్గిస్తే, మాల్ ఖరాబ్ అనుకుంటరు. మీ ఇజ్జత్ కోసమే పెంచి పెట్టిన సాబ్, కసమ్ సే."

నా పరువు కాపాడుతున్నందుకు ఆయనకు సలాం పెట్టి బయటపడ్డాను. కమీషన్ ఉన్నా లేకపోయినా ధర ఎక్కడానికి ఒక సాకు చాలు, దిగడానికి మాత్రం సాకు కన్నా పెద్దది కావాలి అని అర్థమైంది. ఆ పెద్దది ఏమిటో ఇంకా తెలియలేదు.

శాలిబండలో ఒక మాట

గాజుల దెబ్బ తగిలాక, ఆ కమీషన్ నిజంగా కట్టే మనిషిని ఒక్కరినైనా కళ్లారా చూడాలన్న పట్టుదల వచ్చింది. వెతికితే పాతబస్తీలోనే, శాలిబండలో దొరికింది. పేరు వైదేహి. అక్కడి పాత గుడిలో తరతరాలుగా అర్చకత్వం చేస్తున్న శేషాచార్యులు గారి కూతురు. పగలు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మిగిలిన వేళల్లో తను తయారు చేసిన పంచాంగం యాప్ చూసుకుంటుంది.

పంచాంగం యాప్‌లు చాలా ఉన్నాయి. దీనిలో విశేషం శేషాచార్యులు గారి గొంతు. ఆయన రోజూ తెల్లవారుజామున స్నానం చేసి, ఆనాటి తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం తన నోటితో చదివి రికార్డు చేస్తారు. ఆ గొంతులో రాహుకాలం వింటే బయటికి వెళ్లాలనుకున్నవాడు చెప్పులు విప్పేస్తాడు. నెలకు నలభై తొమ్మిది రూపాయలు. నేనూ చందా కట్టాను.

గుడి మండపంలో కూర్చుని వైదేహితో మాట్లాడాను. లోపల అయ్యగారు హారతి ఇస్తున్నారు.

"నలభై తొమ్మిదిలో దుకాణం వాడు నూటికి ముప్పై పట్టుకుంటడు అంకుల్. పన్నుల సంగతి పక్కన పెడితే నాకొచ్చేది ముప్పై నాలుగు చిల్లర."

"ఆ కమీషన్ తగ్గిస్తే నువ్వు ధర తగ్గిస్తావా అమ్మా?"

ఆమె కాసేపు ఆలోచించి చెప్పింది. నేను రాసుకున్నాను. లోపల గంట మోగింది.

మర్నాడు వార్తలో ఆమె మాట ఇలా వచ్చింది: "కమీషన్ తగ్గితే ధర తగ్గిస్తా." ఫొటోతో సహా. తొమ్మిదింటికి వైదేహి ఫోన్ చేసింది.

"అంకుల్, నేను చెప్పింది గింతేనా? ముందల ఇంకా ఉండె కదా."

"భావం అదేనమ్మా," అన్నాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఏదైనా ఒక్క మాట మానేయాలంటే, ఆ మాటే మానేయమంటాను.

"సరే తియ్యుర్రి. అది తగ్గేదెప్పుడు, చూసేదెప్పుడు," అని ఆమె నవ్వి పెట్టేసింది.

కానీ ఆ ఉదయం శేషాచార్యులు గారు ఆ వార్తను కత్తిరించి, పసుపు కుంకుమ పెట్టి, దేవుడి పాదాల దగ్గర ఉంచి అర్చన చేశారని మా ఇద్దరికీ తెలియదు. కూతురు పేరు అచ్చులో రావడం అదే మొదటిసారి.

గొంతు బంద్

ఏడాది తిరగకముందే తగ్గింది. చిన్న చిన్న వాళ్ల దగ్గర ముప్పై కాదు, పదిహేనే తీసుకుంటామని ఆ దుకాణం వాళ్లు ప్రకటించారు. వైదేహి యాప్ ఆ చిన్నవాళ్లలో చేరింది. మా పేపర్‌కు అప్పుడే పాఠకుల ఫోన్లు మొదలయ్యాయి. "ఆ అమ్మాయి తగ్గిస్తానంది కదండీ, ఇంకా నలభై తొమ్మిదే పడుతోంది!" నాకు రిటైర్మెంట్ మూడు వారాలుంది. చక్కటి ఆఖరి వార్త దొరికిందనుకుని శాలిబండ బయలుదేరాను.

ఇంట్లో అడుగు పెట్టేసరికి తండ్రీకూతుళ్లు ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో రికార్డింగ్ మైకు, దాని మీద ఒక గుడ్డ కప్పి ఉంది.

"మూడు రోజులాయె అంకుల్, బాపు గొంతు బంద్ పెట్టి," అంది వైదేహి.

"ఆరోగ్యం బాగోలేదా అయ్యగారూ?"

"ఆరోగ్యానికేమైంది, మస్తుగున్న," అన్నారు శేషాచార్యులు గారు, ఆ గొంతుతోనే. "దేవుని పాదాల కాడ పెట్టిన మాట. పెట్టినంక అది మాట కాదు, మొక్కు. మొక్కు తీర్చకుండ నా నోటి నుంచి తిథి రాదు."

యాప్ మూగబోయింది. మూడు రోజుల్లో వైదేహికి వచ్చిన ఫోన్లు ఆమే వినిపించింది. ఒకాయన, "అమ్మా, ఇయ్యాల రాహుకాలం ఉన్నదా, సెలవా?" అని అడిగాడు. అలియాబాద్ నుంచి ఒకావిడ, "అయ్యగారు చెప్పేదాంక మా అల్లుడు బండి తీస్తలేడు, ఆఫీసుల మెమో ఇచ్చిన్రు," అంది. డబ్బులు వాపసు అడిగినవాళ్లూ ఉన్నారు.

"అయితే ధర తగ్గించేయమ్మా, గొడవ వదిలిపోతుంది," అన్నాను తేలిగ్గా.

వైదేహి నా వైపు చూసింది. "ఆఫీసుల రాజీనామా ఇచ్చిన అంకుల్. కమీషన్ తగ్గినంక మిగిలే పైసలు, పాత పైసలు కలిపితే ఇల్లు ఎల్తది. ధర తగ్గిస్తే ఎల్లదు. శుక్రవారం లోపల చెప్పుమన్నరు, ఉంటవా పోతవా అని. రోజుకు నాలుగు బస్సులు ఎక్కి దిగుతున్న. ఇంటికొచ్చేసరికి ఈ యాప్ చూసే ఓపిక కూడా లేదు."

ఆరోజు బుధవారం.

అయ్యగారు లెక్క అడిగారు. పాత కమీషన్‌లో చేతికి వచ్చినంతే కొత్త కమీషన్‌లో కూడా రావాలంటే ధర ఎంత పెట్టాలి అని. వైదేహి ఫోన్‌లో లెక్కేసి, "నలభై రూపాయల ముప్పై అయిదు పైసలు," అంది.

"పెట్టు. పైసలతో సహా." మళ్లీ ఆయనే ఆగారు. "ఉండు. నలభై అంటే చివరికి సున్న. సున్నతోని ఎవరన్న దక్షిణ ఇస్తరా? ఒకటి కలుపు. నలభై ఒకటి."

"బాపూ! దేవునికి మొక్కిన మొక్కుల మీరే అరవై అయిదు పైసలు గుంజుతున్నరు!"

"గది శుభం కొరకు."

"నా ఉద్యోగం కూడా శుభం కొరకే కదా మానేస్తున్న!"

నాకు ఎందుకో కిషన్ సేట్ చెంబు గుర్తొచ్చింది. ఈ వరసలో దూప ఎవరికి ఉందో నా ఎదురుగా కనిపిస్తోంది. నెలకు ఎనిమిది రూపాయల కోసం ఫోన్ చేసే పాఠకుడికి కాదు. ఇంతలో వైదేహి, తండ్రికి వినబడేలా కాకుండా, తనలో తనే అన్నట్టు అంది: "నేను అన్నదే వేరు. ఎవరు నమ్ముతరు ఇప్పుడు."

నేను చాయ్ తాగకుండా లేచాను.

మొలల మందు పక్కన

విలేకరులు పాత నోట్‌బుక్‌లు పారేయకూడదని నర్సింగరావు గారు చెప్పేవారు. ఎప్పటికైనా కేసు పడితే పనికొస్తాయని. మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. గుడి మండపంలో వైదేహితో మాట్లాడిన రోజు నాటి పుస్తకం దొరికేసరికి మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది. చదివాక ఆకలి కూడా పోయింది.

గురువారం పొద్దున్నే ఆ నోట్‌బుక్ పట్టుకుని గుడికి వెళ్లాను. శేషాచార్యులు గారు దాన్ని తిరగేసి చూశారు.

"ఇది ఏ లిపి?"

"తెలుగేనండీ. నేను నిలబడి రాశాను."

"చదువుర్రి."

చదివాను. ఆనాడు వైదేహి అన్నది ఇది: "కమీషన్ తగ్గితే ముందుగాల ఉద్యోగం మానేస్తా. మొత్తం దీని మీదనే కూర్చుంటా. అటెన్క చేతుల మిగిలితే అప్పుడు ధర తగ్గిస్తా."

అయ్యగారు గర్భగుడి లోపలికి వెళ్లి, పసుపు మరకలున్న ఆ పేపర్ కటింగ్ తెచ్చి, నోట్‌బుక్ పక్కన పెట్టారు.

"నడుమ ముక్క ఎవరు మింగిన్రు?"

డెస్క్ మీద నెట్టేయొచ్చు. ముప్పై ఆరేళ్లుగా డెస్క్ అనేది అందుకే ఉంది. కానీ అది నేనే కోశాను, నా చేతివాటం నాకు గుర్తుంది.

"నేనే అయ్యగారూ."

"ఎందుకు?"

"జాగా చాల్లేదు."

ఆయన కటింగ్ అటూ ఇటూ తిప్పారు. కత్తిరించేటప్పుడు పక్కనున్న ప్రకటన కూడా సగం వచ్చింది. ఏడాదిగా దేవుడి పాదాల దగ్గర అది కూడా అర్చనలు అందుకుంది. కళ్లు చికిలించి చదివారు.

"మొలల మందు."

నేను తల దించుకున్నాను.

"నా బిడ్డ బతుకు కోసి మొలల మందుకు జాగ ఇచ్చిన్రా సార్?"

మండపంలో ప్రదక్షిణ చేస్తున్న ఒకావిడ ఆగి మరీ వింది. వైదేహి మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది.

"సంకల్పంల ఒక ముక్క మింగితే, పూజ ఎవరికి పోతదో చేసినోనికి కూడ తెల్వదు," అన్నారాయన. "ఈ మాట నా బిడ్డ నోట్లకెళ్లి రాలే. మీ కలం నుంచి వచ్చింది. గందుకే ఈ మొక్కు ఆమెది కాదు. మీది. మీరు తీర్చుకోవాలె."

"నేనెలా తీర్చనండీ? నాకు యాప్ లేదు, ధరా లేదు."

"గది మీకూ దేవునికీ మధ్య సంగతి. ముందుగాలైతే పేపర్ల సరిజెయ్యుర్రి. దేవుని కాడ తప్పు కాగితం ఉండొద్దు. సరైనది తెస్తే రేపటి సంది చదువుత."

సాయంత్రం ఆఫీసులో డెస్క్ ఇన్‌చార్జ్ ముందు కూర్చున్నాను. నా కన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు, తెలివైనవాడు. "ఏడాది కిందటి వార్తకు ఇప్పుడు సవరణేంటి సార్? ఎవరూ అడగలేదు కదా. రిటైరయ్యే ముందు మీ పేరు మీద తప్పు ఎందుకు?"

"అయిదో పేజీ అడుగున నాలుగు లైన్లు కూడా వద్దు," అన్నాను. "తప్పు ఎక్కడ వచ్చిందో అక్కడే, అంతే జాగాలో, ఫొటోతో. లామినేషన్‌కు సరిపోవాలి."

"ఆ జాగాలో ప్రకటన ఉంది సార్."

"ఏం ప్రకటన?"

అతను స్క్రీన్ చూసి చెప్పాడు. కంపెనీ మారలేదు, మందు మారలేదు. నా ఉద్యోగంలో నేను గెలిచిన ఆఖరి పోరాటం మొలల మందును ఏడో పేజీకి పంపించడం. ప్రమోషన్ల గురించి రాయనన్నాను కానీ, దీన్ని మాత్రం నేను ప్రమోషన్ కిందే లెక్క వేసుకుంటాను.

శుక్రవారం చీకటితోనే సవరణ వచ్చిన పేపర్ గుడికి చేర్చాను. తెల్లవారాక నా ఫోన్ మోగింది. శుక్లపక్షం, ఏకాదశి, వర్జ్యం, రాహుకాలం, అన్నీ అదే గొంతులో. చివర రోజూ ఉండని ఒక వాక్యం ఉంది. "నాలుగు దినములు మాట రానందుకు భక్తులు మన్నించాలె. తప్పు పంచాంగానిది కాదు, పత్రికది." అలియాబాద్ అల్లుడు ఆ రోజు బండి తీశాడని విన్నాను. వైదేహి హైటెక్ సిటీకి ఫోన్ చేసి ఒక్క మాటలో చెప్పేసింది: పోతున్న.

ఎనిమిది రూపాయలు

మరి కమీషన్ తగ్గితే ధర తగ్గుతుందా? వైదేహి విషయంలో తగ్గలేదు. కమీషన్ సగమైంది, నలభై తొమ్మిది అలాగే ఉంది, తేడా ఆమె ఆ నాలుగు బస్సులు మానుకోవడానికి సరిపోయింది. దాన్ని దోపిడీ అని రాయమంటే నేను రాయను. పాఠకులకు లాభం లేదనీ అనను. అప్పుడప్పుడూ మొరాయించే యాప్ ఇప్పుడు మొరాయించడం లేదు, గ్రహణం లెక్కలు కొత్తగా చేరాయి. కానీ "వినియోగదారులకు ఊరట" అని శీర్షిక పెట్టడానికి ఆ సరంజామా చాలదు. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: కమీషన్ తగ్గిన రోజు ప్రెస్‌నోట్ చూసి వార్త రాయకండి. మూడు నెలలాగి, మధ్యలో ఉన్నవాళ్లలో దూప ఎవరికో చూసి రాయండి. వాళ్లు చెప్పింది మొత్తం రాయండి.

ఇంకో సంగతి. ఆ నలభై తొమ్మిది చివరికి నిజంగానే తగ్గింది. నేను రిటైరైన ఏడాదికి. దానికీ కమీషన్‌కూ సంబంధం లేదు. కూకట్‌పల్లిలో ఎవరో ముప్పై తొమ్మిదికి ఇంకో పంచాంగం యాప్ పెట్టారు. అంతే, వారం తిరక్కుండా వైదేహి నలభైకి దిగింది, అయ్యగారు ఒకటి కలిపారు, నలభై ఒకటి అయింది. దేవుడు, పత్రిక, ఫోన్ కంపెనీ కలిసి చేయలేని పనిని పక్కవీధి పోటీ చేసింది. లాడ్ బజార్‌లో ఆ రోజు నాకు తెలియని 'పెద్దది' ఇదే. యూసుఫ్ భాయ్ దుకాణానికి ఎదురుగా కొత్త దుకాణం పడ్డాక ఆ లామినేషన్ కూడా గోడ దిగిందని విన్నాను.

ఈ సంతోషంలో నా ఫోన్ చూసుకుంటే నాకు ఇంకా నలభై తొమ్మిదే పడుతోంది. ముప్పై ఆరేళ్లు ఊరందరి ధరలు రాసినవాణ్ని, నా ధర చూసుకోలేదు. వైదేహికి ఫోన్ చేశాను.

"పాత చందాలకు పాత ధరే నడుస్తది అంకుల్. అడిగినోళ్లకు మారుస్తున్న. మీరు అడగలే."

వెనక నుంచి అయ్యగారి గొంతు వినిపించింది. "అడగందే అమ్మయినా పెట్టదని చెప్పు."

"మార్చాల్నా అంకుల్? ఒక్క నిమిషం పని."

మార్చమనబోయాను. నెలకు ఎనిమిది రూపాయలు, పెన్షన్ మనిషికి తక్కువేం కాదు. అయితే అడగబోయేసరికి, గుడి మండపంలో పసుపు మరకల కటింగ్ పట్టుకుని కళ్లు చికిలించిన మనిషి గుర్తొచ్చాడు. మొక్కు ఎలా తీర్చుకోవాలో ఆ రోజు నేను అడిగాను. ఆయన చెప్పలేదు.

"వద్దమ్మా," అన్నాను. "అయ్యగారితో చెప్పు. నా మొక్కు నెల నెలా తీరుతోందని."

ఆమె ఆ మాట చెప్పడం వినిపించింది. పెద్దాయన ఫోన్ తీసుకున్నారు.

"ఎనిమిదా?" అన్నారు. "ఒకటి కలుపుర్రి సార్."